ఏసీ మీట ఎక్కడుందో చేతికి తెలియాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

మీ పత్రికలో వారానికోసారి వచ్చే వాహనాల పేజీని చాలా ఏళ్లుగా వదలకుండా చదువుతున్నాను. కొత్త కారు ఏది వచ్చినా దాని ఇంజిన్ గురించి మీరేం రాశారో చూడాలని ముందు ఆ పేజీయే తిప్పే అలవాటు నాది. ఈ మధ్య ఆ పరిచయాలు మొదలయ్యే తీరు మారింది. మొదటి వాక్యంలో డ్యాష్‌బోర్డు మీది టచ్‌స్క్రీన్ తెర ఎన్ని అంగుళాలో ఉంటుంది, రెండో వాక్యంలో సన్‌రూఫ్, మూడో వాక్యంలో లోపలి దీపాలు ఎన్ని రంగులు మారతాయో ఉంటుంది. ఇంజిన్ వంతు వచ్చేసరికి సీసీ, హార్స్‌పవర్ అనే రెండు అంకెలతో సరిపెట్టి, బ్రేకుల ఊసూ టైర్ల ఊసూ లేకుండానే ధరతో ముగిసిపోతుంది. తమ ప్రకటనల్లో ఏది గొప్పగా చెప్పుకోవాలన్నది కంపెనీల ఇష్టం. పాఠకుడి తరఫున కారును చూసే పత్రిక మాత్రం అదే వరుసలో రాయకూడదని నా అభిప్రాయం. ఇంత పట్టుబట్టి ఎందుకు చెబుతున్నానో వివరించడానికి కాస్త చోటు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

గత వానాకాలంలో మా మేనల్లుడు కొత్తగా కొన్న కారులో నరసరావుపేట నుంచి హైదరాబాద్ బయల్దేరాం. పిడుగురాళ్ల, దాచేపల్లి మీదుగా వెళ్లి పొందుగల దగ్గర కృష్ణ దాటేసరికి చీకటి పడింది. వాడపల్లి దాటాక వాన అందుకుంది. మిర్యాలగూడ ఇంకా దూరం ఉందనగా ముందు అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టడం మొదలైంది. బండి నడిపే ప్రతివారికీ తెలిసిన సంగతే ఇది: ఏసీ వేసి, గాలిని అద్దం మీదికి మళ్లించి, ఫ్యాన్ వేగం పెంచితే కాసేపట్లో అద్దం తేటపడుతుంది. అయితే ఆ కారులో ఈ మూడు పనులకూ విడిగా మీటలు లేవు, మూడూ తెర లోపలే ఉన్నాయి. ఆ సమయానికి తెర మీద మ్యాపు ఉంది. వాడు మ్యాపును పక్కకు నెట్టి, కిందనున్న చిన్న ఫ్యాన్ బొమ్మ నొక్కి, వచ్చిన పేజీలో అద్దం గుర్తు కోసం వెతుకుతుండగా రోడ్డు మీది గతుకుకు వేలు జారి ఇంకేదో నొక్కుకుంది, కథ మళ్లీ మొదటికొచ్చింది. ముందు పోతున్న లారీ వెనుక దీపాలు అప్పటికే అద్దం మీద అలుక్కుపోయిన రెండు ఎర్రటి మరకలయ్యాయి. "మామయ్యా, ఆ గుడ్డ తీసుకుని కాస్త అద్దం తుడవవా" అన్నాడు వాడు, తెర మీద నుంచి చూపు తిప్పకుండానే. నేను ముందుకు వంగి చెయ్యి అందినంత మేర తుడిచాను. ఆ తర్వాత పెట్రోలు బంకు కనబడితే అక్కడ ఆపి, నింపాదిగా చూసి అన్నీ సరిచేసుకుని బయల్దేరాం.

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 22 మీటర్లు దాటుతుంది. ఆ రాత్రి వాడి చూపు రోడ్డు మీద లేని సమయం తక్కువలో తక్కువ పది సెకన్లని వేసుకున్నా, రెండు వందల మీటర్లకు పైగా ఆ కారు దాని మానాన అది పోయిందన్నమాట. మా మేనల్లుడు పదేళ్లుగా ఎంతో జాగ్రత్తగా నడుపుతున్నవాడు. వాడి పొరపాటుగా దీన్ని తీసిపారేయడం న్యాయం కాదు.

నా దగ్గర ఉన్నది 2001 నాటి హోండా సిటీ వీటెక్. దాంట్లో తెర అన్నదే లేదు. ఏసీ మీట, ఫ్యాన్ మీట, గాలి దారి మళ్లించే మీట ఎక్కడెక్కడ ఉన్నాయో నా ఎడమ చేతికి తెలుసు. చీకట్లో మన ఇంట్లో లైటు స్విచ్చు కోసం గోడ మీద చెయ్యి ఎలా పోతుందో అలాగే పోతుంది, కళ్లతో పని ఉండదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ కారును నేను అమ్ముకోలేకపోవడానికి ఇదొక కారణం. అసలు కారణం దాని ఇంజిన్.

అది ఒకటిన్నర లీటరు ఇంజిన్, 106 హార్స్‌పవర్. ఆ రోజుల్లో మన రోడ్ల మీద ఆ ధరలో అంత శక్తి అరుదు. అయితే దాన్ని ప్రేమించిన వారెవరూ ఆ అంకెను చూసి ప్రేమించలేదు. క్యామ్ షాఫ్ట్ అనే తిరిగే కడ్డీ మీద, ఇంజిన్‌లోకి గాలిని వదిలే వాల్వులను తెరిచే గుబ్బలు ఆ ఇంజిన్‌లో రెండు రకాల ఎత్తుల్లో ఉంటాయి. నెమ్మదిగా పోయేటప్పుడు తక్కువ ఎత్తు గుబ్బ పనిచేస్తుంది కాబట్టి ఊళ్లో బండి మెత్తగా, పొదుపుగా నడుస్తుంది. ఇంజిన్ వేగం ఒక హద్దు దాటగానే ఆయిల్ ఒత్తిడితో ఒక చిన్న పిన్ను జరిగి ఎక్కువ ఎత్తు గుబ్బకు పని అప్పజెబుతుంది, వాల్వులు మరింత ఎత్తుకు, మరింత సేపు తెరుచుకుంటాయి, ఇంజిన్ గొంతు మారుతుంది, ఏడు వేల ఆర్‌పీఎం (నిమిషానికి ఏడు వేల చుట్లు) దగ్గర దాకా ఎక్కడా తడబడకుండా లాక్కుపోతుంది. 1989లో జపాన్‌లో ఇంటిగ్రా కారుతో హోండా వీటెక్ అనే ఈ పద్ధతిని మొదలుపెట్టినప్పుడు, గాలిని కుదించి పంపే టర్బో లేకుండానే 1.6 లీటర్ల ఇంజిన్ నుంచి 160 హార్స్‌పవర్ రాబట్టింది. లీటరుకు వంద. మామూలు జనం కొనుక్కునే కారులో అది అప్పట్లో ఊహించని సంగతి. విజయవాడ ఆటోనగర్‌లో నా బండి చూసే మెకానిక్ ఇప్పటికీ ట్యాపెట్లు (వాల్వుల దగ్గరి సందులు) సరిచేశాక బానెట్ మీద చెయ్యి పెట్టి, కాసేపు ఊరుకుని, "చూడండి సార్, గ్లాసుడు నీళ్లు పెట్టినా తొణకవు" అంటాడు. ఇంజిన్ నునుపు గురించి నేను విన్న మాటల్లో అంతకన్నా సూటైనది లేదు.

ఇక్కడ హార్స్‌పవర్ అనే అంకె ఎందుకు చాలదో చెప్పాలి. మా పల్నాడు వైపు ఎడ్ల బండలాగుడు పోటీలు చూసిన వారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నిలబడి ఉన్న బండను మొదట కదిలించడానికి గిత్తలు మోకాళ్లు వంచి వేసే లాగుడు ఒకటి, నిర్ణీత సమయంలో ఆ బండను ఎన్ని అడుగుల దూరం ఈడ్చాయన్నది ఇంకొకటి. ఇంజిన్ భాషలో మొదటిది టార్క్, రెండోది పవర్. మనవాళ్లు పికప్ అనే మాటతో చెప్పేది ఎక్కువగా మొదటిదాని గురించే. ప్రకటనలో వేసే అంకె మాత్రం ఎప్పుడూ రెండోది, అదీ ఇంజిన్ అత్యధిక వేగంతో తిరిగేటప్పుడు వచ్చేది. మన రోజువారీ ప్రయాణంలో ఆ వేగం దాకా పోయే సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. టార్క్ ఎంత వస్తుంది అన్నదానికన్నా ఎన్ని ఆర్‌పీఎం దగ్గర మొదలై ఎందాకా నిలబడుతుంది అన్నది డ్రైవరుకు కావలసిన సమాచారం. ఉదాహరణకు ఫోక్స్‌వ్యాగన్ వర్టస్‌లోని 1.5 లీటర్ల టర్బో ఇంజిన్ 1,600 నుంచి 3,500 ఆర్‌పీఎం దాకా ఒకే తీరున 250 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. లారీని దాటడానికి గేరు తగ్గించాల్సిన అవసరం చాలాసార్లు రాదు. పాత స్విఫ్ట్ డీజిల్‌లో ఉన్న ఫియట్ వారి 1.3 లీటర్ల ఇంజిన్ 75 హార్స్‌పవర్‌దే అయినా 190 న్యూటన్ మీటర్లు ఇచ్చేది. అయితే రెండు వేల ఆర్‌పీఎం దగ్గరపడే దాకా అది నిద్రలో ఉన్నట్టే ఉండేది, స్పీడు బ్రేకరు దాటిన ప్రతిసారీ గేరు తగ్గించి దాన్ని లేపాల్సి వచ్చేది. ఈ తేడా హార్స్‌పవర్ అంకెలో కనపడదు. కారు కొనే మనిషికి మాత్రం మర్నాటి నుంచే ప్రతి కూడలిలోనూ కనపడుతుంది.

చిన్న టర్బో ఇంజిన్లు మన దేశంలో ఇంతగా ఎందుకు పెరిగాయన్నది కూడా పాఠకులకు చెప్పదగిన కథే. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ లోపు ఇంజిన్ ఉన్న కార్లకు సుంకం తగ్గించారు. అప్పటి నుంచి మన ఇంజిన్ల కొలతలను ఇంజినీర్లతో పాటు పన్ను చట్టం కూడా నిర్ణయిస్తోంది. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్టీ మార్పుల్లోనూ దాదాపు అదే గీత ఉంది: గీతకు ఇవతలైతే 18 శాతం, అవతలైతే 40 శాతం. నా సిటీలాంటి ఒకటిన్నర లీటరు సెడాన్ ఇప్పుడు కొంటే అవతలి పక్కకే వస్తుంది. అందుకే 1,197 సీసీ, 1,199 సీసీ అంటూ గీతను ఆనుకున్న ఇంజిన్లు, 998, 999 సీసీల మూడు సిలిండర్ల టర్బోలు పుట్టుకొచ్చాయి. నేను టర్బోకు వ్యతిరేకిని కాను. పొగతో పాటు వృథాగా పోయే శక్తితో చక్రం తిప్పి, ఆ చక్రంతో గాలిని కుదించి ఇంజిన్‌లోకి పంపడం మనిషి చేసిన తెలివైన పనుల్లో ఒకటి. అయితే ఆ చిన్న చక్రం నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, దాని బేరింగును ముఖ్యంగా కాపాడేది ఇంజిన్ ఆయిలే. సరైన గ్రేడు ఆయిల్‌ను సమయానికి మార్చాలనీ, హైవే మీద గంటల తరబడి లాగించి వచ్చి ఆపీ ఆపగానే తాళం తీసేయకూడదనీ కొన్నవారిలో ఎంతమందికి షోరూంలో చెబుతున్నారు? తెర మీద పాటలు ఎలా పెట్టుకోవాలో చూపించడానికి మా మేనల్లుడికి డెలివరీ రోజున అరగంట కేటాయించారు. ఆయిల్ మాట అసలు రాలేదు.

బ్రేకుల గురించి మీ పేజీలో రాకపోవడం నాకు అన్నిటికన్నా బాధ కలిగిస్తుంది. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు మీద వేగ పరిమితిని 2023లో 100 నుంచి 120 కిలోమీటర్లకు పెంచారు. వేగం పెరిగింది ఐదో వంతే కదా అనిపిస్తుంది. కానీ బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, అదే కారు 120 మీద ఆగడానికి 100 మీదకన్నా 44 శాతం ఎక్కువ దూరం తీసుకుంటుంది. ధర పది లక్షలు దాటిన టర్బో కార్లలో కూడా కొన్నిటికి వెనుక చక్రాలకు ఇంకా డ్రమ్ బ్రేకులే వస్తున్నాయి. ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు బ్రేకులదే కాబట్టి ఊళ్లో ఆ తేడా తెలియకపోవచ్చు. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాటు ఎక్కి దిగినప్పుడు, వరుసగా బ్రేకు వేస్తూ పోతుంటే, మూసి ఉన్న డ్రమ్ములో వేడి నిలిచిపోయి పట్టు సడలడం కాలికి తెలుస్తుంది. టైర్లదీ ఇదే సంగతి. రోడ్డును పట్టుకునేది టైరు ఒక్కటే, మిగతా కారంతా దాని మీద కూర్చున్నదే. మైలేజీ అంకె పెరగాలని సన్నటి, గట్టి రబ్బరు టైర్లు వేసి, 120 హార్స్‌పవర్ అని పెద్ద అక్షరాల్లో ప్రకటించుకునే కారును పనితనం గల కారు అనడానికి నాకు నోరు రాదు.

మళ్లీ తెరల దగ్గరికి వస్తాను. ఇది పాతకాలపు మనిషి చాదస్తమని ఎవరైనా అనుకుంటే, వారు 2022లో స్వీడన్‌లో వీ బిలాగరే అనే వాహనాల పత్రిక జరిపిన పరీక్షను చూడాలి. ఆ పత్రిక వారు విమానాల రన్‌వే మీద గంటకు 110 కిలోమీటర్ల వేగంతో కార్లు నడిపిస్తూ, అద్దం ఆవిరి తీయడం, రేడియో స్టేషను పెట్టడం వంటి కొన్ని మామూలు పనులు చేయించారు. డ్రైవర్లకు ఆ కార్లతో ముందుగా పరిచయం చేసుకునే వ్యవధి కూడా ఇచ్చారు. మీటలున్న 2005 నాటి వోల్వోలో అన్ని పనులూ పది సెకన్లలో, 306 మీటర్లలో పూర్తయ్యాయి. అన్నీ తెరలోనే ఉన్న కొత్త ఎంజీ మార్వెల్ ఆర్ కారులో అవే పనులకు దాదాపు 45 సెకన్లు పట్టింది, ఈలోగా కారు 1,372 మీటర్లు పోయింది. ఒక పత్రిక తన పాఠకుల కోసం ఇంత స్పష్టంగా కొలిచి చూపించగలిగింది కాబట్టే ఈ లేఖ మీకు రాస్తున్నాను.

యూరప్‌లో కార్ల భద్రతకు నక్షత్రాలిచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ ఈ విషయాన్ని తన మార్కుల్లోకి తెచ్చింది. ఇండికేటర్లు, ప్రమాద సూచనగా మెరిసే హజార్డ్ దీపాలు, వైపర్లు, హారను, అత్యవసర కాల్ అనే ఐదింటికి విడిగా మీటలు ఉండాలన్నది 2026 నుంచి దాని నిబంధనల్లో భాగం. కంపెనీలు కూడా వెనక్కి తిరుగుతున్నాయి. ఎనిమిదో తరం గోల్ఫ్‌లో స్టీరింగ్ మీద తాకితే పనిచేసే పలకలు పెట్టిన ఫోక్స్‌వ్యాగన్, కొన్నవారి ఫిర్యాదులు విన్నాక సవరించిన మోడల్‌లో మళ్లీ నొక్కే బటన్లు తెచ్చింది. 265 హార్స్‌పవర్‌తో 2025లో మన దేశంలోకి వచ్చిన గోల్ఫ్ జీటీఐ ఆ సవరించిన కారే. ఫెరారీ సైతం 2025లో చూపించిన అమాల్ఫీ కారు స్టీరింగ్ మీదికి నొక్కే స్టార్ట్ బటన్‌ను తిరిగి తెచ్చింది. వేగమే వృత్తిగా ఉన్నవారు ఈ తప్పు ఎప్పుడూ చేయలేదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పందెంలో పరుగెత్తినవి పూర్తిగా బ్యాటరీ కార్లు. అంత ఆధునికమైన కార్లలోనూ డ్రైవరు చేతి కింద ఉన్నవి వేలికి తగిలే బటన్లు, తిప్పే మీటలే, ఎందుకంటే చేతికి గ్లవ్స్ తొడుక్కుని, కుదుపుల మధ్య, మలుపు మీద నుంచి చూపు తీయకుండా వాడగలిగినవి అవే.

తెర మన్నిక సంగతి కూడా చెప్పుకోవాలి. ఫోనును నాలుగేళ్లకు మారుస్తాం, కారుకు రిజిస్ట్రేషనే పదిహేనేళ్లు. ఫోను కోసం పుట్టిన విడిభాగాలను కారులో పెడితే ఏమవుతుందో 2021లో అమెరికాలో తెలిసింది. టెస్లా పాత మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లలో తెరను నడిపే మెమరీ చిప్పు రాసి చెరిపే పరిమితి దాటి అరిగిపోవడంతో తెరలు ఆరిపోయాయి. వాటితో పాటు రివర్స్ కెమెరా, అద్దం ఆవిరి తీసే ఏర్పాటు కూడా అందకుండా పోవడంతో సుమారు 1,35,000 కార్లను వెనక్కి పిలిచి బాగుచేయాల్సి వచ్చింది. నా సిటీలో ఫ్యాన్ మీట ఒకసారి విరిగింది. ఆటోనగర్‌లో పాత సామాను కొట్టులో దొరికిన మీటతో పావుగంటలో సరిపోయింది.

తెరే వద్దని నేను అనడం లేదు. వెనక్కి తీసేటప్పుడు కెమెరా ఎంత మేలు చేస్తుందో, తెలియని ఊళ్లో మ్యాపు ఎంత ధైర్యాన్నిస్తుందో నాకు తెలుసు. అవి తెరలోనే ఉండాలి. రోడ్డు మీద చూపుంచి చేయవలసిన పనులను తెరలోకి తోయడం మీదే నా అభ్యంతరం. ఇరవై మీటలకు ఇరవై అచ్చులు, ఇరవై వైర్లు పెట్టడంకన్నా ఒక పలక పెట్టి మిగతాది సాఫ్ట్‌వేర్‌కు వదిలేయడం కంపెనీకి చవక. ఆ పొదుపును ఆధునికత అనే పేరుతో మనకు అమ్ముతుంటే, అవునవునని మనం కూడా అదే పేరుతో రాయడం తగదు.

కాబట్టి మీ వాహనాల పేజీ చూసేవారికి నా విన్నపం ఇది. కారు పరిచయంలో హార్స్‌పవర్ పక్కనే టార్క్ ఎన్ని ఆర్‌పీఎం నుంచి ఎందాకా వస్తుందో రాయండి. వెనుక బ్రేకులు డిస్కులో డ్రమ్ములో, టైరు వెడల్పెంతో రాయండి. మన దేశంలో 2023 అక్టోబరు నుంచి అమల్లో ఉండి నక్షత్రాలిస్తున్న భారత్ ఎన్‌క్యాప్ కూడా మీటల విషయంలో యూరప్ దారిలో నడవాలని మీ సంపాదకీయంలో ఒకసారి అడగండి. ఇంకొకటి: టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లిన మీ విలేకరి కారును నీడలో ఆపి, స్టీరింగ్ ముందు కూర్చుని కళ్లు మూసుకుని, ఏసీ వేయడం, గాలిని అద్దం మీదికి మళ్లించడం, వైపరు వేగం పెంచడం, హజార్డ్ దీపాలు వెలిగించడం ప్రయత్నించాలి. చేతికి అందినవి అందాయని, అందనివి అందలేదని ధర పక్కనే ఒక వాక్యంలో అచ్చువేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
నరసరావుపేట, పల్నాడు జిల్లా